కెవిన్ సిన్‌ఫీల్డ్ ఫార్వర్డా, గోల్ కికరా?

వేకువజాము:
సభ్యులందరికీ నమస్కారం. 2023 మే నెలలో లీడ్స్ నగరంలో జరిగిన మారథాన్‌లో ఒక వ్యక్తి చక్రాల కుర్చీని దారి పొడవునా తోసుకుంటూ వచ్చి, ముగింపు గీతకు కొద్ది అడుగుల ముందు ఆగి, కుర్చీలో ఉన్న స్నేహితుణ్ణి రెండు చేతులతో ఎత్తుకుని గీత దాటించిన దృశ్యాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఎత్తుకున్న మనిషి కెవిన్ సిన్‌ఫీల్డ్ అనీ, ఆ చేతుల్లో ఉన్నది రాబ్ బరో అనీ, ఇద్దరూ లీడ్స్ రైనోస్ అనే రగ్బీ లీగ్ జట్టుకు ఆడినవారనీ తరువాత తెలుసుకున్నాను. సిన్‌ఫీల్డ్ గురించి వెతికితే ఒకచోట ఫార్వర్డ్ అనీ, మరొకచోట గోల్ కికర్ అనీ కనిపించింది. ఫుట్‌బాల్ తప్ప బంతిని తన్నే మరో ఆట ఎరుగని నాకు ఇక్కడే చిక్కు వచ్చింది. ఫార్వర్డ్ అంటే గోల్ కొట్టేవాడే కదా, మళ్ళీ గోల్ కికర్ అని విడిగా చెప్పడం ఎందుకు? విరాళాలు సేకరించిన మంచి మనిషిగా ఆయనను అందరూ మెచ్చుకుంటున్నారు. నేను అడుగుతున్నది కేవలం ఆటగాడిగా ఆయన స్థాయి ఏమిటని.

ఎయిర్‌నది ఒడ్డున:
వేకువజాము గారూ, నేను లీడ్స్‌లో పదిహేడేళ్ళుగా ఉంటున్నాను. మన క్రికెట్ అభిమానులకు హెడింగ్లీ అనగానే 2002లో ద్రావిడ్, సచిన్, గంగూలీ ముగ్గురూ శతకాలు కొట్టి ఇన్నింగ్స్ తేడాతో గెలిపించిన టెస్టు గుర్తుకు వస్తుంది. ఆ క్రికెట్ మైదానానికీ రగ్బీ మైదానానికీ మధ్య ఉన్నది ఒకే స్టాండు. దానికి ఒకవైపు క్రికెట్, రెండోవైపు లీడ్స్ రైనోస్. నేనూ మొదట క్రికెట్ కోసమే వెళ్ళి, తరువాత స్టాండు అవతలివైపుకు మారినవాణ్ణి.

ఫుట్‌బాల్‌లోని అర్థాన్ని ఇక్కడ మరచిపోవాలి. రగ్బీ లీగ్‌లో జట్టుకు పదమూడు మంది. వారిలో ఆరుగురు ఫార్వర్డ్‌లు, ఏడుగురు బ్యాక్‌లు. ఫార్వర్డ్‌ల పని మైదానం నడిమధ్యలో బంతి పట్టుకుని ఎదుటివారి మీదికి దూసుకుపోవడం, బంతి ఎదుటివారి చేతిలో ఉన్నప్పుడు వచ్చినవారిని వచ్చినట్టు పట్టి పడేయడం. దీన్ని ట్యాకిల్ అంటారు. బంతి చేతిలో ఉన్న జట్టును ఆరుసార్లు పడేస్తే బంతి అవతలి జట్టుకు వెళుతుంది. బ్యాక్‌లు సాధారణంగా వేగం, నేర్పు ఉన్నవారు. బంతిని ఎదుటివారి గీత దాటించి నేలకు తాకిస్తే అది ట్రై, దానికి 4 పాయింట్లు. ఆ తరువాత బంతిని నేలమీద నిలబెట్టి, రెండు స్తంభాల మధ్య, అడ్డుకడ్డీ పైనుంచి వెళ్ళేలా తన్నితే మరో 2 పాయింట్లు, దీన్ని కన్వర్షన్ అంటారు. ఎదుటివారి తప్పిదానికి పెనాల్టీ దొరికినప్పుడు అలా తన్నినా 2 పాయింట్లే. ఈ రెండింటినీ గోల్స్ అనే లెక్కిస్తారు. ఆట నడుస్తుండగా బంతిని నేలకు జారవిడిచి, అది పైకి లేచే క్షణంలో తన్ని స్తంభాల మధ్యకు పంపితే డ్రాప్ గోల్, దానికి 1 పాయింటు.

తన్నే పని ఎక్కువగా బ్యాక్‌లలో ఒకరిది. ఎనభై నిమిషాలు మనుషుల్ని ఢీకొంటూ ఉండే ఫార్వర్డ్ ఆ పని చేయడం అరుదు. సిన్‌ఫీల్డ్ లూస్ ఫార్వర్డ్, వీపు మీద 13వ నంబరు. అంటే ఫార్వర్డ్‌లకూ బ్యాక్‌లకూ మధ్య వారధి లాంటి స్థానం.

ఆయన 1980 సెప్టెంబరులో ఓల్డమ్‌లో పుట్టాడు. పదహారేళ్ళ వయసులో, 1997లో షెఫీల్డ్ ఈగిల్స్ మీద లీడ్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. 2003లో కెప్టెన్ అయ్యాడు. ఇంగ్లండ్‌లో అగ్రశ్రేణి పోటీ సూపర్ లీగ్, దాని ఛాంపియన్‌ను తేల్చే మ్యాచ్ గ్రాండ్ ఫైనల్. 2015లో జట్టును వదిలే నాటికి అలాంటి గ్రాండ్ ఫైనల్స్ ఏడు గెలిచాడు: 2004, 2007, 2008, 2009, 2011, 2012, 2015. ఏడింటిలోనూ ఆయనే కెప్టెన్.

లెక్కల మాస్టారు:
లీడ్స్ తరఫున ఆయన ఆడిన మ్యాచ్‌లు 521, సాధించిన పాయింట్లు 3,967. ఆ జట్టు చరిత్రలో అంతకు మించి పాయింట్లు సాధించినవారు లేరు. ఈ సంఖ్యను విడదీసి చూడటం నాకు ఆసక్తికరంగా తోచింది. ట్రైలు 86, వాటికి 344 పాయింట్లు. గోల్స్ 1,792, వాటికి 3,584 పాయింట్లు. డ్రాప్ గోల్స్ 39, వాటికి 39. అంటే ప్రతి వంద పాయింట్లలో తొంభై, నిలబెట్టిన బంతిని తన్నడం వల్ల వచ్చినవే. మ్యాచ్‌కు సగటున మూడున్నర గోల్స్ చొప్పున దాదాపు రెండు దశాబ్దాలు.

ఆయన కెరీర్ మొత్తం మీద 4,231 పాయింట్లు ఉన్నాయి. బ్రిటిష్ రగ్బీ లీగ్ చరిత్రలో నీల్ ఫాక్స్ 6,220తోనూ, జిమ్ సలివన్ 6,022తోనూ ఆయన కంటే ముందున్నారు. సలివన్ ఫుల్‌బ్యాక్. ఫాక్స్ పేరు తెచ్చుకున్నది సెంటర్‌గా (రెండూ బ్యాక్‌ల స్థానాలే), ఫార్వర్డ్ స్థానానికి వచ్చింది కెరీర్ చివరి భాగంలో.

విగన్ పక్షం:
మాస్టారి లెక్కే నా వాదానికి బలం ఇస్తోంది. తొంభై శాతం పాయింట్లు తన్నినవే అయినప్పుడు, మనం పొగుడుతున్నది ఫార్వర్డ్‌నా, ఖాళీగా ఉన్న స్తంభాల మధ్యకు బంతిని పంపిన పాదాన్నా? ఇతరులు రక్తం కార్చి ట్రై సాధిస్తే, దాని వెనుక వచ్చే 2 పాయింట్లు కికర్ ఖాతాలో పడతాయి. పైగా సిన్‌ఫీల్డ్ స్టాండ్-ఆఫ్ స్థానంలో కూడా చాలా మ్యాచ్‌లు ఆడాడు. స్టాండ్-ఆఫ్ బ్యాక్ కిందికి వస్తాడు. వీపు మీద 13 ఉన్నంత మాత్రాన ఫార్వర్డ్ అయిపోడు.

నిజమైన ఫార్వర్డ్ గోల్ కికర్‌ను చూడాలంటే మా ఆండీ ఫారెల్‌ను చూడండి. పదహారేళ్ళకే విగన్ జట్టులోకి వచ్చాడు, పదిహేడేళ్ళకే 1993 ఛాలెంజ్ కప్ (లీగ్‌కు వేరుగా నాకౌట్ పద్ధతిలో జరిగే పోటీ) ఫైనల్ గెలిచిన జట్టులో ఉన్నాడు, ఇరవై ఒకటో ఏట గ్రేట్ బ్రిటన్ కెప్టెన్ అయ్యాడు. లూస్ ఫార్వర్డ్‌గా మొదలై చివరికి వెళ్ళే కొద్దీ ప్రాప్‌గా, అంటే అందరికంటే బరువైన పని చేసే స్థానంలోనూ ఆడాడు. ఏటా ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే మ్యాన్ ఆఫ్ స్టీల్ పురస్కారాన్ని 1996లో, 2004లో రెండుసార్లు అందుకున్నాడు. సిన్‌ఫీల్డ్‌కు అది ఒక్కసారి కూడా రాలేదు. నేను విగన్ అభిమానిని, పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. పురస్కారాల లెక్కలో మాత్రం పక్షపాతానికి చోటు లేదు.

ఎయిర్‌నది ఒడ్డున:
ఫారెల్ గొప్పతనాన్ని లీడ్స్‌లో కూడా ఎవరూ కాదనరు. అయితే "ఖాళీగా ఉన్న స్తంభాలు" అన్న మాట దగ్గర ఆగాలి. విగన్ పక్షం గారూ, టచ్‌లైన్ (మైదానం పక్కగీత) దగ్గర నిలబడి తన్నేవాడికి అవి ఎంత ఖాళీగా కనిపిస్తాయో ఒకసారి లెక్కవేయమని మాస్టారిని కోరుతున్నాను.

లెక్కల మాస్టారు:
సంతోషంగా వేస్తాను. స్తంభాల మధ్య దూరం 5.5 మీటర్లు, అడ్డుకడ్డీ ఎత్తు 3 మీటర్లు, మైదానం వెడల్పు 68 మీటర్లు. ట్రై ఎక్కడ పడిందో ఆ బిందువుకు ఎదురుగా, టచ్‌లైన్‌కు సమాంతరంగా ఎంత వెనక్కు వెళ్ళి అయినా బంతిని తన్నవచ్చు, పక్కకు మాత్రం జరగకూడదు. ట్రై స్తంభాల నడుమ పడి, కికర్ 20 మీటర్ల వెనక్కు వచ్చాడనుకుంటే, స్తంభాలు అతని కంటికి దాదాపు పదహారు డిగ్రీల కోణంలో తెరుచుకుని ఉంటాయి. ట్రై మైదానం మధ్య నుంచి 30 మీటర్లు పక్కన, మూలలో పడితే? గీతకు దగ్గరగా నిలబడితే స్తంభాలు ఒకదాని వెనుక ఒకటి దాక్కున్నట్టు కనిపిస్తాయి. మరీ వెనక్కు వెళితే దూరం పెరిగి సందు చిన్నదవుతుంది. కోణం గరిష్ఠంగా ఉండే చోటు సుమారు 30 మీటర్ల వెనుక. అక్కడ కూడా దొరికేది ఐదు డిగ్రీల పైచిలుకు మాత్రమే, బంతి ప్రయాణించాల్సిన దూరం 42 మీటర్లు. గాలిని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో చలికాలపు గాలి ఎలా ఉంటుందో అక్కడివారే చెప్పాలి.

అన్నట్టు, ఇంటర్మీడియట్ పిల్లలకు అవకలనం చెప్పేటప్పుడు ఈ లెక్క ఇవ్వాలని ఇప్పుడే అనిపించింది.

పాత కూతగాడు:
నేను గుంటూరు జిల్లాలో జిల్లా స్థాయి వరకు కబడ్డీ ఆడాను. కోణాల సంగతి నాకు తెలియదు కానీ ఊపిరి సంగతి తెలుసు. కూతకు వెళ్ళి, నలుగురు పట్టుకుంటే విడిపించుకుని గీత తాకి వచ్చిన తరువాత, గుండె దడ తగ్గడానికి చాలాసేపు పడుతుంది. ఆ సమయంలో సూదిలో దారం ఎక్కించమంటే ఎక్కించగలమా? చేతులు వణుకుతాయి, తొడ కండరాలు మాట వినవు. బ్యాక్‌గా ఆడే కికర్‌కు ఆ అలసట ఉండదని అనను, కానీ మైదానం నడిమధ్యలో మనుషుల్ని పడేస్తూ వచ్చినవాడు వెంటనే బంతి దగ్గరికి వెళ్ళి నిలకడగా తన్నడం వేరు. విగన్ పక్షం గారు పాదాన్ని శరీరం నుంచి విడదీసి చూస్తున్నారు. ఆ పాదం పైన ఉన్నది అప్పటికే దెబ్బలు తిన్న శరీరం. అందువల్ల ఆ తొంభై శాతం గురించి తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చలేదు.

వేకువజాము:
ఇప్పుడు ఆట కొంత అర్థమైంది. అయితే ఇంత నిలకడ ఉన్న కికర్ కెరీర్‌లో, తన్నడం వల్ల గెలిచిన మ్యాచ్ ఏది, తన్నలేక ఓడిన మ్యాచ్ ఏది?

ఎయిర్‌నది ఒడ్డున:
మీ ప్రశ్నకు జవాబుగా నేను చెప్పదలచుకున్నది ఆయన తన్నిన బంతి గురించి కాదు, తన్నకూడదని నిర్ణయించుకున్న బంతి గురించి.

2003 ఛాలెంజ్ కప్ ఫైనల్ కార్డిఫ్‌లో జరిగింది. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ రెండూ పక్కపక్క ఊళ్ళు, వాటి వైరం అప్పట్లో తారస్థాయిలో ఉంది. మ్యాచ్ చివరి దశలో లీడ్స్ 20-22తో వెనుకబడి ఉన్నప్పుడు, గోల్‌కు అందే దూరంలో పెనాల్టీ దొరికింది. తన్ని ఉంటే స్కోరు సమమయ్యేది. అప్పటికి సిన్‌ఫీల్డ్‌కు ఇరవై రెండేళ్ళు, కెప్టెన్ అయి ఏడాది కూడా కాలేదు, జట్టు గోల్ కికర్ కూడా ఆయనే. 2 పాయింట్లు వద్దని, బంతిని చేతిలో పట్టుకుని ట్రై కోసం వెళ్ళాలని నిర్ణయించాడు. ట్రై రాలేదు, లీడ్స్ ఓడిపోయింది. తప్పిన గోల్ అయితే గాలి మీదికో పాదం మీదికో నెట్టవచ్చు. ఈ నిర్ణయాన్ని నెట్టడానికి మరో చోటు లేదు.

ఆ తరువాత కప్ ఆయనకు చాలా ఏళ్ళు అందలేదు. 2005లో హల్ చేతిలో 24-25తో, అంటే ఒకే ఒక్క పాయింటుతో లీడ్స్ ఓడిపోయింది. ఓడిన జట్టులో ఉండి కూడా ఆ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ సిన్‌ఫీల్డ్‌కే వచ్చింది. 2010, 2011, 2012 ఫైనల్స్‌లో వరుసగా మూడు ఓటములు. 2014లో కాసిల్‌ఫర్డ్‌ను 23-10తో ఓడించి, 1999 తరువాత లీడ్స్‌కు మళ్ళీ ఆ కప్‌ను తెచ్చిపెట్టినప్పుడు ఆయన వయసు ముప్పై మూడు. మరుసటి ఏడు హల్ కేఆర్‌ను 50-0తో ఓడించి మళ్ళీ గెలిచారు.

విగన్ పక్షం:
2003 నిర్ణయం తప్పే. ఆ సమయంలో 2 పాయింట్లు తీసుకుని స్కోరు సమం చేయడం కెప్టెన్ కనీస బాధ్యత. ఇరవై రెండేళ్ళవాడికి కెప్టెన్సీ ఇచ్చినందుకు జట్టు చెల్లించిన మూల్యం అది. దాన్ని కథగా మలచి గొప్పగా చెప్పడం అభిమానుల అలవాటు.

ఎయిర్‌నది ఒడ్డున:
తప్పు కాదని నేనూ అనడం లేదు. ఏడాదిన్నర తరువాత జరిగినదాన్ని కూడా దాని పక్కన పెట్టమంటున్నాను. 2004 గ్రాండ్ ఫైనల్, ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం, ప్రత్యర్థి మళ్ళీ అదే బ్రాడ్‌ఫర్డ్. లీడ్స్ 16-8తో గెలిచింది. రెండు జట్లూ చెరో రెండు ట్రైలు సాధించాయి. సిన్‌ఫీల్డ్ నాలుగు గోల్స్ తన్నాడు. ఆ నాలుగింటినీ తీసేస్తే స్కోరు 8-8. ఆ జట్టు ఛాంపియన్‌గా నిలవడం 1972 తరువాత అదే మొదటిసారి, అంటే ముప్పై రెండేళ్ళ ఎదురుచూపు. 2015లో ఆయన చివరి గ్రాండ్ ఫైనల్ మీ విగన్ మీదనే. 16-20తో వెనుకబడ్డ లీడ్స్‌కు జోష్ వాల్టర్స్ ట్రైతో స్కోరు సమమైంది. తరువాత సిన్‌ఫీల్డ్ తన్నిన బంతితో 22-20 అయ్యింది, అదే తుది స్కోరు. అదే రాత్రి ఆయనతో పాటు జేమీ పీకాక్, కైలీ లెయులువాయి అనే మరో ఇద్దరు ఫార్వర్డ్‌లు కూడా లీడ్స్ తరఫున చివరి మ్యాచ్ ఆడారు. ఆ ఏడాది లీగ్ పట్టికలో మొదటి స్థానం, కప్, గ్రాండ్ ఫైనల్ మూడూ లీడ్స్‌వే.

విగన్ పక్షం:
2015 నాకు గుర్తు చేయనవసరం లేదు. ఆ మ్యాచ్‌కు నేను టికెట్టు కొని వెళ్ళాను.

యారా ఒడ్డు:
మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. ఇంగ్లండ్ మిత్రులు ఫారెల్, సిన్‌ఫీల్డ్‌ల మధ్యే వాదులాడుకుంటున్నారు కానీ, ఫార్వర్డ్ గోల్ కికర్ అంటే ఇక్కడ మొదట వినిపించే పేరు కామెరాన్ స్మిత్. ఆయన హుకర్, అంటే ఫార్వర్డ్‌లలో ఒకడు. ట్యాకిల్ జరిగిన ప్రతిసారీ బంతిని అందుకుని ఆటను నడిపించే స్థానం అది. మెల్‌బోర్న్ స్టార్మ్ తరఫున 430 మ్యాచ్‌లు ఆడి 2,786 పాయింట్లు సాధించాడు. ఇక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్ఆర్ఎల్‌లో 400 మ్యాచ్‌లు దాటిన మొదటి ఆటగాడు ఆయనే. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం తరఫున 42 స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (రాష్ట్రాల మధ్య జరిగే పోటీ) మ్యాచ్‌లు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియా పోటీ స్థాయి ఇంగ్లండ్ కంటే ఎక్కువని అక్కడివారూ ఒప్పుకుంటారు కనుక, సిన్‌ఫీల్డ్ పాయింట్లను ఆ తూకంలో వేసి చూడాలి.

స్మిత్ ఖాతాలో ఒక మచ్చ కూడా ఉంది. అది ఆయన తన్నిన బంతికి సంబంధించింది కాదు. జీతాల పరిమితిని క్లబ్బు మీరినందుకు 2007, 2009 టైటిళ్ళను మా జట్టు నుంచి వెనక్కు తీసుకున్నారు. రికార్డు పుస్తకంలో మిగిలినవి 2012, 2017, 2020.

ఎయిర్‌నది ఒడ్డున:
ఆస్ట్రేలియా పోటీ బలమైనదే, కాదనను. అయితే రెండు దేశాల ఛాంపియన్ జట్లు తలపడే వరల్డ్ క్లబ్ ఛాలెంజ్‌ను సిన్‌ఫీల్డ్ కెప్టెన్సీలో లీడ్స్ మూడుసార్లు గెలిచింది. 2008లో ఓడించింది మీ మెల్‌బోర్న్‌నే, 11-4తో, ఇక్కడి ఎలాండ్ రోడ్‌లో. 2010లో మీరు బదులు తీర్చుకున్నారనేది కూడా నిజమే. ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే గోల్డెన్ బూట్ 2012లో సిన్‌ఫీల్డ్‌కు వచ్చింది. బ్రిటన్ నుంచి అంతకుముందు దాన్ని అందుకున్నవారు హాన్లీ, స్కోఫీల్డ్, ఫారెల్.

ఆయనకు అందని ఎత్తు ఒకటి ఉంది, అది దేశం తరఫున. 2013 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో, వెంబ్లీలో, ఆయన కెప్టెన్సీలో ఇంగ్లండ్ 18-14తో ఆధిక్యంలో ఉంది. ఇక కొన్ని సెకన్లే మిగిలాయనగా న్యూజీలాండ్ ఆటగాడు షాన్ జాన్సన్ ట్రై సాధించి, ఆ కన్వర్షన్‌ను కూడా తానే తన్ని 20-18 చేశాడు. జీవితమంతా చివరి 2 పాయింట్లు తన్నిన మనిషి, ఆ రోజు ఎదుటివాడు తన్నుతుంటే నిలబడి చూశాడు.

పాత కూతగాడు:
2012 గ్రాండ్ ఫైనల్ గురించి ఎవరూ రాయలేదు, కనుక నేను రాస్తాను. నేను చూసిన ఒకే ఒక్క పూర్తి మ్యాచ్ అది. వారింగ్టన్‌ను 26-18తో ఓడించిన ఆ రాత్రి లీడ్స్ సాధించిన 26లో 14 పాయింట్లు సిన్‌ఫీల్డ్‌వే: ఒక ట్రై, ఐదు గోల్స్. మధ్యలో ఎదుటి ఆటగాడితో తల ఢీకొని కింద పడిపోయాడు. లేచి ఆట కొనసాగించి, ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హ్యారీ సండర్‌లాండ్ ట్రోఫీ అందుకున్నాడు. అప్పుడు దాన్ని వీరత్వంగా చూశాను. ఇప్పుడు చూస్తే భయం వేస్తుంది. తలకు అలాంటి దెబ్బ తగిలినవాణ్ణి ఈ రోజుల్లో వైద్యుల పరీక్షకు బయటికి పంపుతారు, అదే సరైన పద్ధతి. కబడ్డీలో మేము కూడా దెబ్బను దాచుకుని ఆడటమే మగతనం అనుకునేవాళ్ళం. నా ఎడమ మోకాలు ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు ఆ సంగతి గుర్తు చేస్తుంది.

వేకువజాము:
చాలా విషయాలు తెలిశాయి. రాబ్ బరో ఆటలో ఎక్కడ నిలుస్తాడు? నా ప్రశ్న ఆ దృశ్యంతోనే మొదలైంది కనుక అడుగుతున్నాను.

ఎయిర్‌నది ఒడ్డున:
బరో వీపు మీద 7వ నంబరు, అంటే బ్యాక్‌లలో ఒకడు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, సూపర్ లీగ్‌లో అతి పొట్టి ఆటగాళ్ళలో ఒకడు. ఎంతో పెద్ద శరీరాల మధ్య నుంచి జారిపోయేవాడు. 2011 గ్రాండ్ ఫైనల్‌లో ఆయన సాధించిన ట్రైను ఇక్కడ చిన్నపిల్లలు కూడా కళ్ళు మూసుకుని వర్ణిస్తారు. మోటార్ న్యూరాన్ వ్యాధి ఉందని 2019 డిసెంబరులో తెలిసింది. మరుసటి ఏడు డిసెంబరులో సిన్‌ఫీల్డ్ ఏడు రోజుల్లో ఏడు మారథాన్‌లు పరుగెత్తాడు. లక్ష్యంగా పెట్టుకున్నది 77,777 పౌండ్లు, వచ్చింది ఇరవై లక్షల పౌండ్ల పైచిలుకు. 2021లో లెస్టర్ నుంచి లీడ్స్‌కు 101 మైళ్ళు ఇరవై నాలుగు గంటల్లో, 2022లో ఎడిన్‌బరో నుంచి మాంచెస్టర్ వరకు ఏడు రోజులు. బరో 2024 జూన్ 2న కన్నుమూశాడు. ఆ మరుసటి రోజే లీడ్స్‌లోని సీక్రాఫ్ట్ ఆసుపత్రి ఆవరణలో, ఆయన పేరుతో తలపెట్టిన వైద్య కేంద్రం నిర్మాణం ప్రారంభమైంది.

మీరు ఆటగాడిగానే చెప్పమన్నారు కనుక ఇంతకంటే రాయను.

విగన్ పక్షం:
ఈ విషయంలో నాకు వాదం లేదు. ఆట విషయంలో మాత్రం నా మాట మార్చుకోను: ఫార్వర్డ్‌గా ఫారెల్ ఒక మెట్టు పైన. రగ్బీ లీగ్ నుంచి రగ్బీలో మరో రకమైన యూనియన్‌కు వెళ్ళి, 2007 ప్రపంచ కప్‌కు ఇంగ్లండ్ జట్టులో చోటు సంపాదించాడు. సిన్‌ఫీల్డ్ అదే యూనియన్‌లో యార్క్‌షైర్ కార్నెగీ జట్టు తరఫున ఒక్క సీజన్ ఆడి ఆపేశాడు. గోల్ కికర్‌గా సిన్‌ఫీల్డ్ ఫారెల్‌కు సమానం, ఒత్తిడి సమయంలో బహుశా కొంచెం మెరుగు కూడా. ఈ వాక్యాన్ని మా ఊళ్ళో ఎవరికీ చూపించకండి.

ఎయిర్‌నది ఒడ్డున:
యూనియన్‌లో ఆయన ఆట చిన్నదే, శిక్షణ మాత్రం కాదు. 2022లో లెస్టర్ టైగర్స్ లీగ్ గెలిచినప్పుడు రక్షణ విభాగం శిక్షకుడు ఆయనే. అక్కడి నుంచి స్టీవ్ బోర్త్‌విక్‌తో కలిసి ఇంగ్లండ్ జట్టుకు వెళ్ళాడు, మొదట రక్షణ శిక్షకుడిగా, 2023 ప్రపంచ కప్ తరువాత నైపుణ్యాలు, కికింగ్ శిక్షకుడిగా. మీ మొదటి ప్రశ్నకు ఇందులోనే ఒక జవాబు ఉంది, వేకువజాము గారూ. ట్యాకిల్ చేయడం నేర్పమన్నదీ ఆయననే, బంతి తన్నడం నేర్పమన్నదీ ఆయననే.

వేకువజాము:
ఈ వారాంతంలో 2004, 2015 ఫైనల్స్ చూడాలనుకుంటున్నాను. మొదటిసారి చూసేవారు దేని మీద దృష్టి పెట్టాలి?

లెక్కల మాస్టారు:
ట్రై ఎక్కడ పడిందో చూసి, తన్నడానికి ముందు కోణం ఎంతో ఊహించండి.

పాత కూతగాడు:
మాస్టారి మాట వినకండి. కెమెరా ఎలాగూ బంతి వెంటే తిరుగుతుంది. లీడ్స్ చేతిలో బంతి లేనప్పుడు 13వ నంబరు ఎక్కడున్నాడో వెతకండి, ఎన్నిసార్లు కింద పడి లేచాడో లెక్కపెట్టండి. ఆ తరువాత ట్రై పడి, ఆయన బంతి దగ్గరికి నడిచి వస్తున్నప్పుడు ఛాతీ ఎంత వేగంగా ఎగసి పడుతోందో చూడండి.